పోలీసుల చేతికి రోబో కుక్క వస్తోంది, మరి దాని గొలుసు ఎవరి చేతిలో ఉంటుంది?

శ్రీలత_బోస్టన్ | శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. మేముండేది బోస్టన్‌కి గంట దూరంలో ఉన్న చిన్న టౌన్. ఇక్కడి పోలీసులు ఒక రోబో కుక్కని కొంటామని టౌన్ అనుమతి అడుగుతున్నారు. వచ్చే గురువారం మీటింగ్. ఊళ్లో ఎవరైనా లేచి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. నాకు మాట్లాడాలని ఉంది, ఏం అడగాలో మాత్రం ఇంకా తేలడం లేదు. అందుకే ఈ థ్రెడ్.

ఇవాళ మధ్యాహ్నం స్టేషన్‌లో పిల్లలకి చూపించారు. డెమో కోసం తెప్పించిన, బోస్టన్ డైనమిక్స్ కంపెనీ వాళ్ల 'స్పాట్' అనే మోడల్ అది. పసుపు రంగు, తల లేదు, మేకంత ఉంటుంది. నడుస్తుంటే మోటార్లు సన్నగా గుయ్‌మంటాయి, పాదాలు నేలకి తగిలినప్పుడల్లా టప్ టప్ అని చప్పుడు. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందు కాలు పైమెట్టు మీద పెట్టి సరిచూసుకుని, గబగబా ఎక్కేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఆఫీసర్ మెడలో పట్టీకి ఒక ట్యాబ్ వేలాడుతోంది, రెండు బొటనవేళ్లూ దాని మీదే ఉన్నాయి.

మా పాపకి ఏడేళ్లు. "దీనికి కళ్లెక్కడ?" అని ఆయన్ని అడిగింది. ఆయన ఓపిగ్గా వంగి చూపించాడు. ముందు రెండు జతల కెమెరాలు, రెండు పక్కలా ఒక్కో జత, వెనక ఒక జత. "అంటే నేను వెనక్కెళ్లి దాక్కున్నా చూస్తుందా?" అంది. "చూస్తుంది" అన్నాడాయన నవ్వుతూ. ఇంటికి వచ్చేదాకా కారులో పాప ఇంకేమీ మాట్లాడలేదు.

నేను గుడ్డిగా వద్దనే మనిషిని కాదు. 2024 మార్చిలో మా రాష్ట్రంలోనే బార్న్‌స్టేబుల్‌లో ఒకతను తుపాకీతో ఇంట్లో ఉండిపోయి బయటికి రానన్నాడు. స్టేట్ పోలీసులు రాస్కో అని పేరు పెట్టుకున్న స్పాట్‌ని లోపలికి పంపారు. అది ఇల్లంతా వెతికి బేస్‌మెంట్‌లో అతన్ని కనిపెట్టింది. అతను దాన్ని రెండుసార్లు కింద పడేసి, తర్వాత మూడు గుళ్లు కాల్చాడు. రోబో లేకపోతే ఆ గుళ్లు ఒక పోలీసుకో, నిజం కుక్కకో తగిలేవి. చివరికి అతన్ని కూడా ప్రాణాలతోనే పట్టుకున్నారు. ఇది చదివాక వద్దని ఎలా అనను?

అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఎందుకో మీలో ఎవరైనా చెప్పగలరా?

---

రఫీ_క్వీన్స్ | శనివారం రాత్రి 10.25

శ్రీలత గారూ, మా న్యూయార్క్ కథ చెప్తాను, మీకు పనికొస్తుంది.

2021 ఫిబ్రవరిలో బ్రాంక్స్‌లో ఒక ఇంట్లో దోపిడీ కేసుకి ఎన్‌వైపీడీ (న్యూయార్క్ పోలీసు) వాళ్లు ఈ కుక్కని తీసుకెళ్లారు. 'డిజిడాగ్' అని పేరు. అప్పుడు కొంత గొడవైంది. ఏప్రిల్‌లో మన్‌హటన్‌లో పేదవాళ్లుండే ప్రభుత్వ క్వార్టర్స్‌లోకి తీసుకెళ్లారు. పోలీసుల మధ్య అది నడుచుకుంటూ పోతున్న వీడియో బయటికి వచ్చాక జనం ఊరుకోలేదు. ఆ నెలలోనే 94,000 డాలర్ల ఒప్పందం రద్దు చేసి వెనక్కి పంపేశారు. రెండేళ్లు తిరక్కుండానే, 2023 ఏప్రిల్‌లో, మేయర్ ఎరిక్ ఆడమ్స్ టైమ్స్ స్క్వేర్‌లో ప్రెస్‌మీట్ పెట్టి మళ్లీ తెచ్చారు. రెండు కుక్కలు, 7,50,000 డాలర్లు. ఆ డబ్బు కేసుల్లో జప్తు చేసిన సొమ్ము.

అదే నెలలో లోయర్ మన్‌హటన్‌లో పార్కింగ్ బిల్డింగ్ కూలింది. పైన శ్లాబులు ఇంకా ఊగుతున్నాయి, మనుషులు వెళ్తే చస్తారు. అగ్నిమాపక శాఖ వాళ్ల రోబో కుక్క లోపలికి వెళ్లింది. దాని మీద ఒక్కరు కూడా కోప్పడలేదు. నేనూ మెచ్చుకున్నాను. కుక్క మోడల్ ఒకటే. కూలిన బిల్డింగ్‌లోకి వెళ్తే చప్పట్లు, పేదవాడి వరండాలోకి వస్తే భయం. మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఇక్కడే ఉందేమో చూడండి.

హొనొలులులో ఏం చేశారో తెలుసా? కోవిడ్ సాయం కింద కేంద్రం ఇచ్చిన సొమ్ములోంచి 1,50,045 డాలర్లు పెట్టి స్పాట్‌ని కొన్నారు. టెంట్లలో ఉండే ఇల్లులేని వాళ్లకి జ్వరం ఉందో లేదో చూడటానికట! ఆ మనుషుల దగ్గరికి ఒక నర్సు వెళ్లలేదా? నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

---

సూర్యారావు_రిటైర్డ్ ఆర్‌ఎస్‌ఐ | ఆదివారం ఉదయం 6.15

అమ్మా శ్రీలతా, నేను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాంబ్ డిస్పోజల్ టీమ్‌లో పద్నాలుగేళ్లు చేశాను. ఈ విషయంలో నాకు తెలిసింది చెప్పకపోతే తప్పవుతుంది.

బాంబ్ సూట్ దాదాపు 35 కేజీలు. మే నెల ఎండలో అది తొడిగి హెల్మెట్ బిగించాక మన ఊపిరి మనకే హోరుగా వినబడుతుంది. అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. చెమట కంట్లోకి కారితే తుడుచుకోవడానికి చెయ్యి పోదు. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాణ్ణి. నలభై అడుగులంటే నలభై, ఒకటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ముందు రోజు వాన పడిన మట్టిలో వైరు కొంచెం తేలి కనపడేది, ఒక్కోసారి అదీ కనపడేది కాదు.

మా టీమ్‌లో ఒక కుర్రాడు కల్వర్టు కిందికి వంగి మళ్లీ లేవలేదు. వాళ్లింటికి వెళ్లి చెప్పింది నేనే. వాళ్లమ్మ నా యూనిఫామ్ చూసి మంచినీళ్లు తీసుకొచ్చింది, నేను నోరు తెరవక ముందే. ఆ చెంబు ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది.

తర్వాత డీఆర్‌డీవో వాళ్ల 'దక్ష్' గురించి విన్నప్పుడు, అది ఇంకొన్నేళ్లు ముందొస్తే ఎంత బాగుండేదో అనిపించింది. చక్రాల బండి, ఒక చెయ్యి, నీళ్ల ధాటితో బాంబుని విడగొట్టే గొట్టం. మనిషి అర కిలోమీటరు దూరంలో కూర్చుని నడపొచ్చు. ఇప్పుడు కాళ్ల మీద నడిచేది వచ్చిందంటే గుట్టలు, మెట్లు, ఇరుకు సందులు అన్నిటికీ పనికొస్తుంది. దయచేసి వద్దనకండి. చచ్చేది మీకు తెలిసినవాడు కాకపోవచ్చు, కానీ వాడికీ ఒక తల్లి ఉంటుంది.

---

శ్రీలత_బోస్టన్ | ఆదివారం ఉదయం 8.02

బాబాయ్ గారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. రాసినందుకు దండాలు.

---

వంశీ_రోబోటిక్స్ | ఆదివారం ఉదయం 11.30

నేను కాళ్ల మీద నడిచే రోబోల సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. 'అటానమస్' అనే మాట వినగానే కొందరు అది తనంతట తానే ఆలోచిస్తుందని భయపడతారు, ఇంకొందరు అదంతా రిమోట్ బొమ్మే కదా అని కొట్టేస్తారు. రెండూ సరికాదు.

స్పాట్‌ని తీసుకోండి. 2020లో అమ్మకానికి పెట్టినప్పుడు 74,500 డాలర్లు. సుమారు 32 కేజీలు, బ్యాటరీ గంటన్నర వస్తుంది. ఆపరేటర్ ట్యాబ్ మీద 'ముందుకి' అంటాడు. ఏ కాలు ఎక్కడ వెయ్యాలో, ఏ రాయిని తప్పుకోవాలో, తోస్తే ఎలా నిలదొక్కుకోవాలో పూర్తిగా రోబోదే. పడితే తనే లేస్తుంది. ఒకసారి దారి చూపిస్తే ఆ దారిని తనంతట తనే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సిగ్నల్ పోతే వచ్చిన దారినే వెనక్కి నడిచి సిగ్నల్ వెతుక్కునేలా పెట్టొచ్చు. చెయ్యి బిగిస్తే తలుపు గడియ కూడా తిప్పుతుంది. అంటే నడక దానిదే, దారి కూడా చాలావరకు దానిదే. ఎక్కడికి, ఎందుకు అనేది మాత్రం ఇప్పటికైతే మనిషిది.

ఈ ఆఖరి భాగం ఒక్క రోజులో మనిషి చేతిలోంచి జారిపోదు, అప్‌డేట్ అప్‌డేట్‌కీ కొంచెం కొంచెం జారుతుంది. మొదట 'మనిషి ఆకారం కనబడితే బాక్స్ గీసి చూపించు' అంటాం. తర్వాత 'చేతిలో ఏముందో చెప్పు'. ఆ తర్వాత 'అతను కదిలితే వెంట వెళ్లు'. ప్రతి అప్‌డేట్ విడిగా చూస్తే చిన్నదే. మీ టౌన్ ఈ గురువారం ఓటేసే యంత్రమూ రెండేళ్ల తర్వాత అక్కడ నడిచే యంత్రమూ ఒకటి కావు. ఇనుము అదే ఉంటుంది, లోపలి బుద్ధి మారిపోతుంది.

ఇంకో విషయం. ఇది నా కళ్ల ముందు జరిగింది. ఒక ఫ్యాక్టరీలో రాత్రిపూట ట్రయల్ చేస్తున్నాం. నల్లటి మెరిసే ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఒక కూలీ గోడ పక్కన నిద్రపోతున్నాడు. దూరం కొలిచే కెమెరాలకి గాజు, నల్లటి మెరుపు అంటే ఇబ్బంది, వెలుతురు సరిగ్గా తిరిగి రాదు. మా మ్యాప్‌లో ఆ చోటు ఖాళీగా కనబడింది. రోబో నేరుగా అటే నడిచింది. మావాడొకడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాడు. జానెడు దూరంలో ఆగింది. ఆ మనిషికి మెలకువ కూడా రాలేదు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మేం నలుగురం అక్కడే నిలబడి ఉన్నాం కాబట్టి సరిపోయింది.

---

పద్మజ_అడ్వొకేట్ | ఆదివారం సాయంత్రం 5.10

సూర్యారావు గారి మాటకి చేతులెత్తి దణ్ణం పెడుతూనే వేరే వైపు చెప్తాను.

2016 జులై, డాలస్. మైకా జాన్సన్ అనే మాజీ సైనికుడు ఐదుగురు పోలీసుల్ని కాల్చి చంపి ఒక కాలేజీ బిల్డింగ్‌లో ఉండిపోయాడు. గంటల తరబడి మాట్లాడారు, లొంగలేదు. చివరికి పోలీసులు బాంబులు తీసే రోబో చేతికి సుమారు ఒక పౌండు సీ-4 అనే పేలుడు పదార్థం ఇచ్చి అతని దగ్గరికి పంపి పేల్చారు. అమెరికా పోలీసులు రోబోతో మనిషిని చంపడం అదే మొదటిసారి. 2018లో గ్రాండ్ జ్యూరీ పోలీసుల మీద ఏ అభియోగమూ పెట్టలేదు. అది చక్రాల బండి, పూర్తిగా రిమోట్ మీద నడిచేది. సూర్యారావు గారూ, గమనించండి, మీ కుర్రాణ్ణి కాపాడాల్సిన యంత్రమే అది. పని మారిపోయింది.

మన తెలుగువాళ్లకి 'ఎన్‌కౌంటర్' అంటే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతిసారీ ఒకటే వాక్యం: "వాళ్లు కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం మేం కాల్చాం." 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచ్ ఏం చెప్పిందంటే, ఎన్‌కౌంటర్ చావులో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, అది ఆత్మరక్షణో కాదో కోర్టులో తేలాలి, పోలీసులే తేల్చుకుంటే కుదరదని. ఆ వివాదం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు దర్యాప్తు ఎలా చెయ్యాలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లిలో నలుగురు చనిపోయినప్పుడూ అదే వాక్యం. సిర్పూర్కర్ కమిషన్ ఆ కథని నమ్మలేదు.

ఇప్పుడు ఆలోచించండి. రోబోకి ఆత్మరక్షణ ఎక్కడిది? దానికి పోయే ప్రాణం లేదు. గుండు తగిలితే పోయేది డబ్బు. దాన్ని పంపినవాడు గోడ అవతల క్షేమంగా ఉన్నాడు. అలాంటప్పుడు అది కాల్చినా పేల్చినా "నా ప్రాణం కోసం" అని ఎవరంటారు?

---

సూర్యారావు_రిటైర్డ్ ఆర్‌ఎస్‌ఐ | ఆదివారం రాత్రి 7.45

అమ్మా పద్మజా, చట్టంలో ఆత్మరక్షణ అంటే మన ఒంటి కోసమే కాదు, పక్కవాడి ప్రాణం కోసం కూడా. లోపల బందీలు ఉంటే? డాలస్‌లో అతను ఇంకా చంపుతానన్నాడు కదా? బయట నిలబడ్డ ఆఫీసర్ మీద ఉండే ఒత్తిడి కోర్టులో కనబడదు.

---

పద్మజ_అడ్వొకేట్ | ఆదివారం రాత్రి 8.30

నిజమే సార్, పక్కవాడి ప్రాణం కోసం అనే హక్కు చట్టంలో ఉంది, నేను ఒప్పుకుంటాను. బందీ మెడ మీద కత్తి ఉంటే అది వేరే లెక్క.

కానీ రోబో అసలు ఇచ్చేది ఏమిటి? టైమ్. మనిషి ఎదురుగా ఉంటే అర సెకనులో తేల్చుకోవాలి, చేతిలో ఉన్నది ఫోనో పిస్టలో తెలియకుండానే కాల్చేస్తాడు. రోబో ఎదురుగా ఉంటే ఆగొచ్చు. ఫోన్ లోపలికి పంపొచ్చు, గంటలకొద్దీ మాట్లాడొచ్చు, వాళ్లమ్మని పిలిపించొచ్చు. బార్న్‌స్టేబుల్‌లో మూడు గుళ్లు పేలినా తిరిగి కాల్చాల్సిన అవసరం రాలేదంటే అది రోబో గొప్పతనం. టైమ్ ఇచ్చే యంత్రానికే ఆయుధం తగిలిస్తే, ఇచ్చిన టైమ్‌ని మళ్లీ లాగేసుకున్నట్టే.

---

సూర్యారావు_రిటైర్డ్ ఆర్‌ఎస్‌ఐ | ఆదివారం రాత్రి 9.05

ఇది ఒప్పుకుంటున్నాను. ఈ కోణంలో నేను ఆలోచించలేదు.

---

కిరణ్_హెచ్‌వైడీ | సోమవారం ఉదయం 10.20

అందరూ చంపడం గురించే మాట్లాడుతున్నారు. మామూలు మనిషి సంగతి చెప్తాను. పోయిన ఏడాది మా అమ్మ పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్తే బైక్ మీద వచ్చి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ మీద ఎర్రటి గీత నెలరోజులు ఉంది. అమ్మ ఇప్పటికీ పొద్దున ఒంటరిగా బయటికి వెళ్లదు. గస్తీకి మనుషులు లేరంటారు. తెల్లారుజామున నాలుగింటికి కాలనీలో ఒక రోబో తిరుగుతుందంటే నేను సంతోషంగా చందా ఇస్తాను. తప్పు చెయ్యనివాడికి కెమెరా అంటే భయమెందుకు?

---

రఫీ_క్వీన్స్ | సోమవారం ఉదయం 11.05

కిరణ్ తమ్ముడూ, అమ్మగారికి జరిగింది చదివి బాధేసింది. అందుకే ఇది చెప్పాలి.

కాలిఫోర్నియాలో హంటింగ్టన్ పార్క్ అనే ఊళ్లో పోలీసులు గుడ్డు ఆకారంలో ఉండే కే5 రోబోని పార్కులో తిప్పారు. పైన పోలీస్ అని రాసి ఉంది, పక్కన ఎమర్జెన్సీ బటన్. 2019లో పార్కింగ్‌లో కొట్లాట జరుగుతుంటే ఒకావిడ పరిగెత్తి ఆ బటన్ మళ్లీ మళ్లీ నొక్కింది. పక్కకి తప్పుకోమంది రోబో. తర్వాత సన్నగా పాట మోగించుకుంటూ, పార్కుని శుభ్రంగా ఉంచండని చెప్పుకుంటూ ముందుకి వెళ్లిపోయింది. వేరే ఒకామె 911కి ఫోన్ చేసింది. ఆ బటన్ పోలీస్ స్టేషన్‌కి కలపనే లేదని ఆ తర్వాత తెలిసింది.

2016లో పాలో ఆల్టో దగ్గర షాపింగ్ సెంటర్‌లో ఈ రకం రోబోనే ఒక చంటిపిల్లాణ్ణి పడేసి వాడి కాలి మీదుగా పోయింది. 2023 సెప్టెంబరులో మా టైమ్స్ స్క్వేర్ సబ్‌వేలో కూడా పెట్టారు, గంటకి తొమ్మిది డాలర్ల అద్దె అన్నారు. మెట్లు ఎక్కలేదు. పక్కన ఒక పోలీసు కాపలా. మరుసటి ఫిబ్రవరికి తీసేశారు. నేను రోజూ అటే వెళ్లేవాణ్ణి, దాని వల్ల ఒక్కరికి సాయం అందడం చూళ్లేదు. అమ్మగారికి కావాల్సింది పిలిస్తే పలికే మనిషి.

---

సుధ_సింగపూర్ | సోమవారం మధ్యాహ్నం 1.40

మా దగ్గర 2020 మేలో బిషాన్ పార్కులో స్పాట్‌ని తిప్పారు. దూరం పాటించండి అని రికార్డు చేసిన గొంతు వినిపించేది. 2021 సెప్టెంబరులో తోపాయోలో జేవియర్ అనే చక్రాల రోబోలు మూడు వారాలు తిరిగాయి. అనుమతి లేని చోట సిగరెట్ కాల్చడం, సైకిల్ తప్పుగా పెట్టడం, ఐదుగురు దాటి గుమిగూడటం, ఇవీ అవి చూసేవి.

కిరణ్ గారూ, నాకు నిజంగా భయం వెయ్యలేదు, ఇక్కడ క్రమశిక్షణ అలవాటే. కానీ ఒక ముసలాయన బెంచీ మీద కూర్చుని దినపత్రిక చదువుకుంటూ రోబో దగ్గరికి రాగానే లేచి నిలబడటం చూశాను. ఆయన ఏ తప్పూ చెయ్యడం లేదు. అది వెళ్లిపోయాక కూడా వెంటనే కూర్చోలేదు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదనుకుంటా. ఆ దృశ్యం నాకు నచ్చలేదు.

---

జగ్గు_వైజాగ్ | సోమవారం సాయంత్రం 6.30

మన దగ్గరికి ఆల్రెడీ వచ్చేసింది. 2026 జనవరిలో విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లో ఆర్‌పీఎఫ్ వాళ్లు 'అర్జున్' అనే హ్యూమనాయిడ్‌ని, అంటే మనిషి ఆకారపు రోబోని, పెట్టారు. ప్రయాణికులకి నమస్కారం పెడుతుంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో అనౌన్స్‌మెంట్లు చెబుతుంది. ముఖాలు గుర్తుపట్టే సిస్టమ్ ఉంది, పొగ, మంట కనిపెడుతుందన్నారు. మా నాన్నని రైలెక్కించడానికి వెళ్లినప్పుడు చూశాను. చుట్టూ సెల్ఫీలు. ఒక పల్లెటూరి అవ్వ దానికి తిరిగి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. నాకు ముచ్చటేసింది, తర్వాత కొంచెం గుబులు కూడా వేసింది. ఎదురుగా దణ్ణం పెడుతున్నది తన ముఖాన్ని పోల్చి చూడగలదని ఆ అవ్వకి ఎవరు చెప్తారు?

మన ఊరి కుర్రాళ్లు ఇక్కడే తయారు చేశారంటే గర్వంగానూ ఉంది. రెండూ నిజాలే, దాచుకోను.

---

వంశీ_రోబోటిక్స్ | సోమవారం రాత్రి 9.15

జగ్గు చెప్పిన ఆ నమస్కారం గురించే. హ్యూమనాయిడ్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. గస్తీకి రెండు కాళ్లు అక్కర్లేదు, చక్రాలు చౌక, నాలుగు కాళ్లు స్థిరం. మనిషి ఆకారం వల్ల వచ్చేది ఒక్కటే, జనం దాన్ని మనిషిలా చూస్తారు. పోలీస్ బట్టలు తొడిగితే పోలీసులా చూస్తారు. దుబాయ్ 2017లోనే టోపీ పెట్టి ఒకదాన్ని నిలబెట్టింది. అదే ఏడాది చివర హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ వాళ్లు 'రోబోకాప్' చూపించారు. 2019లో కేరళ పోలీస్ హెడ్‌క్వార్టర్స్‌లో కేపీ-బాట్‌కి ఏకంగా ఎస్‌ఐ హోదా ఇచ్చి రిసెప్షన్‌లో పెట్టారు. ఇవి ఎక్కువగా చూపించుకోవడానికే. 2025లో షెన్‌జెన్ వీధుల్లో పోలీసులతో కలిసి నడిచిన పీఎం01 అనే చైనా హ్యూమనాయిడ్ మాత్రం నిజంగా బాగా నడుస్తుంది. చైనాలోనే యూనిట్రీ అనే ఇంకో కంపెనీ హ్యూమనాయిడ్ జీ1 ధర 99,000 యువాన్లతో మొదలైంది, అంటే మామూలు కారు ధర. ధర ఇలా పడిపోతుంటే చిన్న ఊళ్ల స్టేషన్లకి కూడా వస్తాయి.

ఈ యూనిట్రీ రోబోల్లోనే 2025 సెప్టెంబరులో భద్రతా పరిశోధకులు ఒక లోపం బయటపెట్టారు. బ్లూటూత్ పరిధిలో ఉంటే చాలు, రోబోని పూర్తిగా చేతిలోకి తీసుకోవచ్చు. అలా లోబడినది పక్కనున్న ఇంకో రోబోకి అంటించగలదు కూడా. గో2, బీ2, జీ1, హెచ్1, అన్నిటిలోనూ ఉంది. పోలీసు యంత్రం అంటే పోలీసు చేతిలోనే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి.

2022 అక్టోబరులో బోస్టన్ డైనమిక్స్, యూనిట్రీ, ఇంకో నాలుగు సంస్థలు కలిసి, మా సాధారణ రోబోలకి ఆయుధాలు తగిలించం, తగిలించనివ్వం అని బహిరంగ లేఖ రాశాయి. మంచి మాటే. కానీ అది మాటే, చట్టం కాదు. అంతకు ఏడాది ముందే ఘోస్ట్ రోబోటిక్స్ అనే వేరే సంస్థ కుక్క మీద రైఫిల్ బిగించి వాషింగ్టన్‌లో ఆర్మీ ఎగ్జిబిషన్‌లో పెట్టారు.

---

పద్మజ_అడ్వొకేట్ | మంగళవారం ఉదయం 7.50

శ్రీలత గారూ, ఇక మీ గురువారం సంగతి. శాన్ ఫ్రాన్సిస్కో కేసు చదువుకుని వెళ్లండి. 2022 నవంబరు 29న అక్కడి నగర పాలక బోర్డు 8-3 తేడాతో, అత్యవసరమైతే రోబోలతో ప్రాణం తీసే బలం వాడొచ్చని పోలీసులకి అనుమతిచ్చింది. జనం మెట్ల మీదికి వచ్చి నిలదీశారు. వారం తిరిగేసరికి బోర్డు వెనక్కి తగ్గింది. అది బహిరంగంగా ఓటుకి రావడానికి కారణం, పోలీసులు మిలిటరీ తరహా సామాను వాడాలంటే ముందు జనానికి చెప్పి అనుమతి తీసుకోవాలనే కాలిఫోర్నియా చట్టం. ఆ చట్టమే లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. లాస్ ఏంజెలెస్ కూడా 2023 మేలో 2,77,917 డాలర్ల కుక్కని విరాళంగా తీసుకున్నప్పుడు 8-4 ఓటుతో, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలని షరతు పెట్టింది.

మీ రాష్ట్రంలోనే 2023లో రోబోలకి ఆయుధం తగిలించకూడదని బిల్లు పెట్టారు, దాన్ని పౌరహక్కుల వాళ్లతో పాటు బోస్టన్ డైనమిక్స్ కూడా సమర్థించింది. తయారుచేసినవాడే అడుగుతున్నాడని చెప్పండి.

మన దగ్గర 2023 డేటా చట్టంలో నేరాల నివారణ, దర్యాప్తు కోసమంటే చాలా వాటికి మినహాయింపు ఉంది. అందుకే జగ్గు చెప్పిన ఆ అవ్వ ముఖం గురించి నాకు దిగులు. అది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.

---

సూర్యారావు_రిటైర్డ్ ఆర్‌ఎస్‌ఐ | మంగళవారం సాయంత్రం 4.20

అమ్మా శ్రీలతా, ఒక్కటి అడుగు. మా దగ్గర ఒక్క డిటొనేటర్ బయటికి వెళ్లాలన్నా రిజిస్టర్‌లో రాయాలి. ఎవరు తీసుకున్నారు, ఎన్నింటికి, ఎక్కడ వాడారు, మిగిలింది తిరిగి ఇచ్చారా, కింద సంతకం. తప్పు జరిగితే ఆ సంతకం పెట్టినవాణ్ణే నిలబెట్టేవారు. నేనూ ఒకసారి నిలబడ్డాను. ఆ రిజిస్టర్ వల్లే మా వేళ్లు అదుపులో ఉండేవి.

ఈ కుక్క బయటికి వెళ్లిన ప్రతిసారీ ఎవరి సంతకం? అది తనే దారి ఎంచుకుంటే, తనే మనిషిని గుర్తుపడితే, అప్పుడూ సంతకం ఉంటుందా? అప్‌డేట్ వేసిన రోజున ఎవరు సంతకం పెడతారు? నేను ఇప్పటికీ రోబో కావాలనే అంటాను. సంతకంతో కావాలంటాను.

---

శ్రీలత_బోస్టన్ | గురువారం రాత్రి 11.10

ఇప్పుడే ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి.

రెండు నిమిషాలే ఇచ్చారు. బాంబుకీ, కూలిన బిల్డింగుకీ, తుపాకీతో తలుపేసుకున్న ఇంటికీ పంపండి, నేనూ ఓటేస్తాను అన్నాను. ఆయుధం, టియర్ గ్యాస్ ఏదీ దానికి తగిలించబోమని రాతలో పెట్టండి అన్నాను. ముఖాలు పోల్చడం, మనిషి వెంట పడటం లాంటి కొత్త అప్‌డేట్ వస్తే మళ్లీ టౌన్ ముందుకి రావాలన్నాను. తర్వాత బాబాయ్ గారి ప్రశ్న అడిగాను. వాళ్లిచ్చిన ముసాయిదాలో 'వినియోగ నివేదిక' అని ఒక ఫారం ఉంది. దాన్ని పైకెత్తి చూపించాను. రోబో సీరియల్ నంబరు, బ్యాటరీ, ఎన్ని నిమిషాలు, దెబ్బలేమైనా తగిలాయా, అన్నిటికీ గడులున్నాయి. నడిపిన మనిషి పేరుకి గడి లేదు. పంపమన్న అధికారి పేరుకీ లేదు.

చీఫ్ ఆ కాగితం తీసుకుని రెండు వైపులా తిప్పి చూశారు. చెడ్డ మనిషి కాదు. "ఇది మేం గమనించలేదు" అని మైకులోనే ఒప్పుకుని, పెన్ను తీసి మార్జిన్‌లో ఏదో రాసుకున్నారు. ఓటింగ్ వచ్చే నెలకి వాయిదా వేశారు. బయటికి వచ్చాక డెమో రోజు ట్యాబ్ పట్టుకున్న ఆఫీసర్ నా దగ్గరికి వచ్చి, "నా పేరు రాయడానికి నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

---

సూర్యారావు_రిటైర్డ్ ఆర్‌ఎస్‌ఐ | శుక్రవారం ఉదయం 5.50

చాలా సంతోషం అమ్మా. ఆ ఫారం ఫొటో తీసి ఇక్కడ పెట్టు. మా రిజిస్టర్‌లో పదకొండు గడులుండేవి, నాకు కంఠతా వచ్చు. పక్కన పెట్టి చూసి ఏవి కలపాలో రాసి ఇస్తాను.